భోజనాల పెట్టెలో నీలం బోర్డు

ఆ పాతకాలపు రైలు గురించి ఒంగోల్లో నన్ను అడగని వాళ్ళు లేరు. కూరగాయల బజారులో అడుగుతున్నారు, చర్చి మెట్ల మీద అడుగుతున్నారు. తిండి ఎలా ఉంది, టికెట్టు ఎంత, పెట్టెలు నిజంగా అప్పటివేనా, మీరు అందులో గొడవ చేశారట కదా. చివరి ప్రశ్న అడగడానికే ముందు ప్రశ్నలన్నీ అడుగుతున్నారని నాకు తెలుసు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. వెళ్ళాలనుకునే వాళ్ళు తప్పకుండా వెళ్ళండి. తిండి బాగుంటుంది. గొడవ చేశాను, నిజమే. అవసరమైతే మళ్ళీ చేస్తాను.

నాతో వచ్చింది రాజ్యలక్ష్మి. ఇద్దరం ఒకే హైస్కూల్లో పనిచేసి ఒకే ఏడాది రిటైరయ్యాం. నేను తెలుగు చెప్పేదాన్ని, ఆవిడ లెక్కలు. వాళ్ళది సత్తెనపల్లి దగ్గర మిరప పండించే కుటుంబం. మాది నరసరావుపేటలో కూలి చేసుకుని బతికిన క్రైస్తవ కుటుంబం. మా అమ్మమ్మ దీనమ్మ స్టేషను గూడ్సు షెడ్డులో మిరపకాయల బస్తాలు మోసింది. వాళ్ళు పండించిన కాయల్ని మేం మోశామని రాజ్యం అప్పుడప్పుడూ నవ్వుతూ అంటుంది. నేనూ నవ్వుతాను, మరీ ఎక్కువగా కాదు.

గుంటూరు

సాయంత్రం గుంటూరులో ఎక్కి, పల్నాడు మీదుగా దొనకొండ దాకా వెళ్ళి, మర్నాడు సాయంత్రం అక్కడ బయల్దేరి తిరిగి రావడం. దారి పొడుగునా తినడం. ఇదీ ప్రయాణం. ఒక ప్రైవేటు సంస్థ నడుపుతోంది.

ఆ రైలుది మొదటి నుంచీ వేషమే. ఇంజను నల్లగా, పొడుగాటి గొట్టంతో బొగ్గు ఇంజనులా కనిపిస్తుంది. లోపల ఉన్నది డీజిలు. గొట్టంలోంచి వచ్చే పొగ, పెళ్ళికూతురు నడిచొచ్చేటప్పుడు ఫంక్షన్ హాళ్ళలో వదులుతారు చూడండి, ఆ పొగ. కూత స్పీకరులోంచి వస్తుంది. పక్క ప్లాట్‌ఫారం మీద మామూలు ప్యాసింజరు కోసం నిలబడ్డ జనానికి మంచి కాలక్షేపం అయింది. మిరపయార్డు నుంచి వచ్చినట్టున్నాడు, చొక్కా నిండా ఎర్రపొడితో ఉన్న ఒకాయన పక్కవాడితో, "ఏందిరా ఇది, రైలుకి పగటివేషం ఏశారు" అన్నాడు. ఇంత బాగా నేను చెప్పలేను.

ఎక్కేటప్పుడు తలపాగాలు, ఎర్ర నడికట్లు కట్టుకున్న వడ్డనవాళ్ళు మా మెడల్లో దండలు వేశారు. పువ్వులు కావు. పత్తికాయలూ ఎండుమిరపకాయలూ కలిపి గుచ్చిన దండలు. రాజ్యం దండ సర్దుకుని, అదే చేత్తో కన్ను నలుపుకుంది. ఇక చూడాలి. మిరపకల్లాల్లో పుట్టి పెరిగిన మనిషి ప్లాట్‌ఫారం మీద ఒంటికన్నుతో గిరగిరా తిరిగింది. హైదరాబాదు అమ్మాయి ఒకతి పాపం చల్లటి నీళ్ళ సీసా తెచ్చింది. "నీళ్ళు పోస్తే ఇంకా మండుద్దమ్మా" అని రాజ్యం తన జడకి రాసుకున్న కొబ్బరినూనె వేలితో తీసి రెప్ప మీద రుద్దుకుంది. మంట తగ్గింది. "మా నాన్న చూస్తే నన్ను ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు" అంది నాతో, సిగ్గుపడుతూ.

ఫిరంగిపురం దాటాక

ఈ రైల్లో నాకు బాగా నచ్చింది బండ్ల పెట్టె. కిటికీల వెంబడి బజ్జీల బండి, పునుగుల బండి, ముంత మసాలా బండి, గోలీసోడా బండి. బొమ్మ బండ్లు కావు. వీధుల్లోంచి చక్రాలతో సహా తెచ్చి, రైలు కుదుపుకి కదలకుండా నేలకి నట్లు బిగించారు. వాటి వెనక నిలబడ్డవాళ్ళు కూడా ఆ వీధుల వాళ్ళే. పెట్టెలోకి అడుగు పెడితే వాము, శనగపిండి, కాగిన నూనె వాసన ఒక్కసారిగా వచ్చి తగులుతుంది. బయట ఇరవై రూపాయలకి దొరికే బజ్జీల ప్లేటు ఇక్కడ నూటయాభై. ప్లేటు మాత్రం పింగాణీది.

బజ్జీల బండి కోటమ్మది. నరసరావుపేటలో సినిమా హాలు ఎదురుగా ఎన్నో ఏళ్ళుగా బజ్జీలు వేస్తున్న మనిషి. గొంతు పెద్దది. అందరి ముందూ నన్నే నిలదీసింది.

"ఎట్టా ఉందమ్మా బజ్జీ?"

"రుచి బాగుంది గానీ పొంగలేదు."

"ఎట్టా పొంగుద్ది? రైల్లో మంట పెట్టకూడదంట. కరెంటు పొయ్యి ఇచ్చారు. అది ముసలి మొగుడు లాగా ఎంతసేపటికీ ఏడెక్కదు. మా పేటకి రా, నా బజ్జీ కొరికితే పక్కోడికి ఇనపడుద్ది."

పెట్టెలో ఆడవాళ్ళందరం పగలబడి నవ్వాం. మా ఒంగోలు వైపు బజ్జీని చీల్చి ఉల్లిపాయలు కూరి, నిమ్మకాయ పిండుతామని చెప్పాను. కోటమ్మ మూతి తిప్పింది. "కాయ బాగాలేనోళ్ళు ఉల్లిపాయతో కప్పెడతారు. నా కాయకి చింతపండూ వామూ తప్ప ఏం అక్కర్లా" అంది. అక్కడితో ఒంగోలు పరువు పోయింది. నేను ఇంకో ప్లేటు తీసుకున్నాను.

కిటికీలోంచి చూస్తే దారి పక్క కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆడవాళ్ళు బారులుగా కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. రైలు నెమ్మదించగానే మా వాళ్ళందరూ ఫోనులు బయటికి పెట్టారు. కల్లంలోంచి ఒకావిడ లేచి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఊరికే తీసుకోకండి, దిగొచ్చి నాలుగు బస్తాలు ఏరి తీసుకోండి ఫొటోలు" అని అరిచింది. మా అమ్మమ్మ ఉంటే అచ్చం అలాగే అరిచేది.

నరసరావుపేట

పొద్దు వాలుతుంటే భోజనాల గంట కొట్టారు. బండ్ల పెట్టెకి ఆనుకునే భోజనాల పెట్టె ఉంటుంది. తెల్లటి గుడ్డలు పరిచిన బల్లలు, ఇత్తడి దీపాలు, టేకు కుర్చీలు. చాలా అందంగా ఉంది, అబద్ధమెందుకు. రాజ్యం నా చెయ్యి పట్టుకుని చిన్నపిల్లలా లోపలికి లాక్కెళ్ళింది. కుర్చీ జరుపుకుని కూర్చోబోతూ, మేం వచ్చిన గుమ్మం వైపు చూశాను.

గుమ్మం పైన నీలం రేకు బోర్డు వేలాడుతోంది. తెల్లటి అక్షరాలు. "బ్రాహ్మణ భోజనశాల." దాని కింద చిన్న అక్షరాల్లో "ఇతరులకు" అని రాసి, పక్కన బాణం గుర్తు. బాణం బండ్ల పెట్టె వైపు చూపిస్తోంది.

తెలియని వాళ్ళ కోసం చెప్తాను. ఒకప్పుడు మన స్టేషన్లలో బ్రాహ్మణులకి వేరే భోజనాల గది, మిగిలిన వాళ్ళకి వేరే గది ఉండేవి. మా అమ్మమ్మ లాంటి వాళ్ళకి ఆ రెండో గది కూడా లేదు. నరసరావుపేట స్టేషనులో బస్తాలు మోసి మోసి ఆకలేస్తే, వంటగది వెనక కిటికీ దగ్గర నిలబడి పిలిచేదట. లోపలివాళ్ళు ఇడ్లీలు ఆకులో పెట్టి, చేతికి తగలకుండా పైనుంచి జారవిడిచేవాళ్ళు. నీళ్ళు దోసిట్లో పోసేవాళ్ళు, అదీ ఎత్తు నుంచి. సగం నీళ్ళు చీర మీదే పడేవి. అమ్మమ్మ ఇదంతా నవ్వుతూ చెప్పేది, చీర తడిసి చల్లగా ఉండేదని. నాకు చిన్నప్పుడే ఆ నవ్వు నచ్చేది కాదు.

నేను కూర్చోలేదు. మేనేజరుని పిలిచాను. ముప్పై ఏళ్ళుంటాయేమో, మర్యాదస్తుడే.

"ఆ బోర్డు ఏమిటి బాబూ?"

"డెకరేషన్ అండి మేడమ్. అప్పటి ఫొటోలు చూసి స్పెషల్‌గా చేయించాం. అందరూ దాని కిందే సెల్ఫీలు దిగుతున్నారు."

"ఏం రాసుందో చదివావా?"

"పాతకాలం క్యాంటీను బోర్డు కదండీ. ఇప్పుడు ఎవరైనా ఎక్కడైనా కూర్చోవచ్చు. మేమసలు తేడా చూడం."

"తేడా చూడకపోతే అది ఎందుకు? తీసెయ్."

"హెడ్డాఫీసుని అడగాలండి."

పక్క బల్ల దగ్గర పెద్దాయన ఒకరు లేచి వచ్చారు. శర్మగారు, విజయవాడలో ఉంటారట, రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఆయన కోపంగా లేరు. నిజం చెప్పాలంటే ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి.

"మా నాన్నగారు గార్డమ్మా. చిన్నప్పుడు ఆయనతో వెళ్ళి అలాంటి గదిలో పెరుగన్నం తిన్నాను. ఆ బోర్డు చూడగానే ప్రాణం లేచొచ్చింది. అది చరిత్ర కదమ్మా, దాన్ని తీసేస్తే ఎట్లా?"

"చరిత్రే సార్. అయితే మొత్తం పెట్టమనండి. ఆ గది వెనక కిటికీ కూడా పెట్టమనండి. మా అమ్మమ్మకి ఇడ్లీలు జారవిడిచిన కిటికీ. దాని కింద ఎవరైనా సెల్ఫీ దిగుతారేమో చూద్దాం."

ఆయన వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నారు. నేను భోజనం చేయనని చెప్పి బండ్ల పెట్టెలోకి వచ్చేశాను. బాణం చూపించిన వైపుకే వచ్చానని వచ్చాక గుర్తొచ్చింది. ఒళ్ళు మండిపోయింది.

రైలు నరసరావుపేటలో ఆగింది. గూడ్సు షెడ్డు ఎక్కడుండేదో వెతుక్కుందామని దిగాను. కొత్త ప్లాట్‌ఫారం, కొత్త రేకులు, ఏదీ గుర్తుపట్టలేకపోయాను. కోటమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి ప్లాట్‌ఫారం మీద తెలిసినవాళ్ళందరినీ పేరు పెట్టి పిలుస్తోంది. ఆ ఊళ్ళో ఆవిడే పెద్ద హీరోయిను.

వినుకొండ

వినుకొండలో రైలు చాలాసేపు ఆపారు. కొండ చీకట్లో నల్లగా కనిపిస్తోంది. భోజనం ముగించుకుని రాజ్యం నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నాం. ముద్దపప్పు, గోంగూర, మటను కూర, పాత రైల్వే పద్ధతి కట్లెట్టు, అన్నీ ఎంత బాగున్నాయో చెప్పింది. నేను పునుగులు తింటూ విన్నాను.

"వదిలెయ్యి సువార్తా" అంది చివరికి. "డబ్బు కట్టి సరదాగా వచ్చాం. ఎప్పుడో సంగతి అది. ఇప్పుడు మనిద్దరం ఒకే బల్ల దగ్గర తినడం లేదా?"

నేను మాట జారకూడదనే అనుకున్నాను. జారాను.

"మీ ఇంట్లో వసారా గూట్లో నా గ్లాసు విడిగా బోర్లించి ఉండేది. అది కూడా ఎప్పుడో సంగతేనా?"

ఉద్యోగంలో చేరిన కొత్తలో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు వాళ్ళమ్మగారు నాకు కాఫీ ఇచ్చిన గ్లాసది. తాగాక నేనే కడిగి, నేనే గూట్లో పెట్టేదాన్ని. రాజ్యం చూసేది, చూడనట్టు తల తిప్పుకునేది. ఇన్నేళ్ళలో మేం ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే స్నేహం ఉంటుందో పోతుందో తెలియక ఎత్తలేదు. ఆ రాత్రి ఎత్తేశాను.

రాజ్యం లేచి రైలెక్కి తన సీట్లో కూర్చుంది. దొనకొండ దాకా కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. బయట కనిపించడానికి ఏమీ లేదు.

దొనకొండ

స్టేషనుకి దగ్గర్లో గుడారాలు వేసి పడుకోబెట్టారు. పొద్దున్నే ఇద్దరం మాట్లాడుకోకుండానే కలిసి నడక మొదలుపెట్టాం. దొనకొండ ఒకప్పుడు పెద్ద రైల్వే ఊరు. పాత క్వార్టర్సు కొన్ని ఇంకా ఉన్నాయి, కొన్నిటికి కప్పు పోయి గోడలే మిగిలాయి. తెల్లవాళ్ళ కాలంలో విమానాలు దిగిన మైదానం కూడా ఉంది. ఇప్పుడందులో గొర్రెలు మేస్తున్నాయి. గొర్రెల ఆయన మమ్మల్ని చూసి, "విమానం కోసమా అమ్మా, ఇయ్యాళ రాదు" అన్నాడు. రాజ్యానికి నవ్వొచ్చింది. నా వైపు చూసి నవ్వు ఆపుకుంది.

రోడ్డు పక్క రేకుల పాకలో ఒక టిఫిను హోటలుంది. గోడ మీద బైబిలు వాక్యాల క్యాలెండరు చూసి "వందనాలమ్మా" అన్నాను. పొయ్యి దగ్గరున్న పెద్దావిడ మొహం విప్పారింది. రూతమ్మ ఆవిడ పేరు. భర్త రైల్వేలో గ్యాంగుమాను, పోయాడట. వేడి జొన్నరొట్టెలు, పండుమిరపకాయలు నూరిన కొరివికారం, ఎండుచేపల వేపుడు పెట్టింది. ఇద్దరికీ కలిపి వంద రూపాయలు కూడా కాలేదు. గుంటూరులో ఎక్కినప్పటి నుంచీ నేను తిన్న వాటిలో అదే గొప్ప భోజనం. కారం కొరివే. రెండో ముద్దకి చెవుల్లోంచి ఆవిరొచ్చింది. అయినా మంచినీళ్ళు అడగలేదు. మా వైపు కారం తిని నీళ్ళడిగితే వండినవాళ్ళు గెలిచినట్టు. రూతమ్మ నా వైపే చూస్తూ నీళ్ళ చెంబు కావాలని దూరంగా పెట్టింది. నేను కళ్ళు తుడుచుకుని ఇంకో రొట్టె అడిగాను.

"అంత ఖరీదు రైల్లో వచ్చి నా దగ్గర తింటన్నారే" అంది రూతమ్మ.

బోర్డు సంగతి చెప్పాను. ఆవిడ రొట్టె తట్టడం ఆపింది.

"మా అత్తని టేషను పంపు కాడికి రానిచ్చేవోళ్ళు కాదంట. ఆ బోర్డులన్నీ ఎప్పుడో పీకేశారు గదమ్మా. ఇదెక్కడ దొరికింది ఆళ్ళకి?"

"దొరకలేదు. చేయించారు."

"డబ్బులిచ్చా?"

"డబ్బులిచ్చే."

రూతమ్మ ఆ రొట్టెని గట్టిగా ఒక్క తట్టు తట్టి పెనం మీద వేసింది. నాకు ఆ క్షణంలోనే ఏం చేయాలో తట్టింది. నాలుగు రొట్టెలు, కొరివికారం, ఎండుచేపలు కట్టివ్వమన్నాను. ఎక్కడ తింటావని అడిగింది. భోజనాల పెట్టెలో, ఆ బోర్డు కింద, అన్నాను. రూతమ్మ పొట్లం విప్పి, ఇంకో గుప్పెడు ఎండుచేపలు వేసి, మళ్ళీ కట్టింది. వాటికి డబ్బు తీసుకోలేదు.

రాజ్యం పొద్దుటి నుంచీ మొదటిసారి నాతో మాట్లాడింది. "ఏసీ పెట్టెలో అంత వాసనా?"

"వాసన కోసమే."

తిరుగు దారి

సాయంత్రం రైలు కదిలింది. మేనేజరు నన్ను చూడగానే తనే వచ్చి, హెడ్డాఫీసు నుంచి జవాబు రాలేదండి అన్నాడు. సరే బాబూ అన్నాను. నేను అంత తేలిగ్గా ఒప్పుకోవడం చూసి అతను కాస్త భయపడ్డట్టున్నాడు.

వినుకొండ దగ్గర పడుతుంటే భోజనాల గంట కొట్టారు. అందరూ బల్లల దగ్గర సర్దుకుంటున్నారు. ఈ రైలు వంటగది బండ్ల పెట్టెకి అవతల ఉంటుంది. వడ్డించే ప్రతి గిన్నే ఆ గుమ్మంలోంచే రావాలి. నేను గుమ్మంలో, సరిగ్గా బోర్డు కింద, న్యూస్‌పేపరు పరుచుకుని బాసింపట్టు వేసుకు కూర్చున్నాను. పొట్లం విప్పాను. ఎండుచేపలు వాటి పని అవి చేశాయి. మొదటి బల్ల వాళ్ళు ముక్కులకి చేతిగుడ్డలు పెట్టుకున్నారు. హైదరాబాదు అమ్మాయి మాత్రం మెడ చాచి, "ఆంటీ, అది ఏం కూర?" అని అడిగింది.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "మేడమ్, ఇది దారండి. సర్వీసు ఆగిపోతుంది."

"దారే. బోర్డు మీద ఇతరులకు అని బాణం వేసింది ఇటే కదా. నేను ఇతరుల్లో మనిషిని. నా చోట్లో కూర్చున్నాను."

"బయటి తిండి లోపలికి తేకూడదండి."

"మా అమ్మమ్మ బస్తాలు మోసి వచ్చి తిన్న తిండి ఇది. మీరు పాతకాలం కావాలన్నారు. ఇదీ పాతకాలమే."

భయమేసింది, ఎందుకు దాచాలి. పెట్టె నిండా పెద్దమనుషులు, అందరి కళ్ళూ నా మీదే. పెళ్ళి పందిట్లో పిలవకుండా వచ్చి కూర్చున్నట్టుంది. ఒక్క క్షణం లేచి పోదామా అనిపించింది. రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాను.

అప్పుడు కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. రాజ్యం బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చింది. గుమ్మం చెక్క పట్టుకుని, మోకాళ్ళ నొప్పులతో మూలుగుతూ, నా పక్కన నేల మీద చతికిలబడింది. పొట్లం తన వైపు లాక్కుంది.

"నా మోకాళ్ళ సంగతి తెలిసి కూడా నేల మీదే కూర్చోవాలా నువ్వు" అంది. తర్వాత తల వంచుకుని, నాకు మాత్రమే వినిపించేలా, "ఆ గ్లాసు నేను లోపల పెట్టాల్సింది సువార్తా. మా అమ్మకి భయపడ్డాను" అంది. చేప ముక్క విరిచి నోట్లో వేసుకుంది. కొరివికారం ఆవిడ వైపు జరిపాను.

ఇప్పుడు గుమ్మంలో ఇద్దరం. రాజ్యం ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. పిల్లి దూరే సందు కూడా లేదు. మా వెనక తలపాగాలవాళ్ళు సూపు గిన్నెలు పట్టుకుని వరసగా నిలబడిపోయారు. వాళ్ళ వెనక నుంచి కోటమ్మ గొంతు ఖంగుమంది.

"అమ్మా, జరగబాకండి. అట్టాగే కూకోండి. ఏడి బజ్జీలు పంపిస్తన్నా."

బజ్జీల పళ్ళెం తలల మీదుగా చేతులు మారి మా ముందుకొచ్చింది. మేనేజరు ఫోను చెవికి ఆనించుకుని తిరుగుతున్నాడు. అవతల ఎవరూ ఎత్తడం లేదు. బల్లల దగ్గర జనం గొణుక్కుంటున్నారు. కొందరు నన్ను తిడుతున్నారు, కొందరు మేనేజరుని. ఒకాయన, డబ్బు కట్టింది ఈ గొడవలు చూడ్డానికా అన్నాడు. నేను గట్టిగా, నేనూ కట్టానండీ అన్నాను.

చివరికి శర్మగారు లేచి వచ్చి నా ముందు నిలబడ్డారు.

"అమ్మా, మీరు చెప్పింది నేను పూర్తిగా ఒప్పుకోను."

"ఒప్పుకోకండి సార్."

"కానీ నాకు షుగరు. మాత్ర వేసుకుని అరగంట దాటింది, ఇప్పుడు తినకపోతే కళ్ళు తిరిగి పడతాను." మేనేజరు వైపు తిరిగారు. "ఏమయ్యా, అది నువ్వు చేయించిన రేకేగా, మా నాన్నగారు చూసిన బోర్డేం కాదుగా. తీసి అవతల పెట్టు."

హెడ్డాఫీసు ఫోను ఎత్తలేదు. సూపు చల్లారిపోతోంది. మేనేజరు ఒక తలపాగా అతన్ని పిలిచి కుర్చీ ఎక్కమన్నాడు. అతను ఎక్కి, రెండు చేతులతో బోర్డుని పైకి ఎత్తి దించేశాడు. రెండు కొక్కేలకి తగిలించిన రేకు ముక్క, అంతే. దీనికోసం నేను ఒక రాత్రంతా భోజనం మానేసి కూర్చున్నాను.

"భోజనాలయ్యాక మళ్ళీ పెడతాంలెండి" అని మేనేజరు దాన్ని చంకలో పెట్టుకోబోయాడు.

"నా చేతికివ్వు."

"మేడమ్, అది కంపెనీదండి."

"ఎత్తుకుపోనులే. ఇటివ్వు."

ఇచ్చాడు. నేను లేచి చేతులు కడుక్కుని, రాజ్యానికి చెయ్యందించి లేపాను. గుమ్మం నుంచి నా కుర్చీ దాకా నడిచాను. టేకు కుర్చీ మీద ఆ బోర్డుని అక్షరాలు పైకి ఉండేలా పరిచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని దాని మీద కూర్చున్నాను. రేకు చల్లగా తగిలింది. మేనేజరు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. గుంటూరులో దిగేదాకా అక్కడి నుంచి లేవకూడదని నిశ్చయించుకున్నాను.

అప్పుడు ఏడుపొచ్చిందా అని ఒంగోల్లో అందరూ అడుగుతున్నారు. రాలేదు. విపరీతమైన గర్వం వచ్చింది, దాని వెనకే ఆకలి వచ్చింది. వడ్డనతను తెల్లటి పింగాణీ గిన్నెలో సూపు తెచ్చి, వంగి, నా ముందు బల్ల మీద పెట్టాడు. చెంచాతో తీసి నోట్లో పోసుకున్నాను. చల్లారిపోయింది.

వేడి చేసి తెమ్మన్నాను.